కొండపల్లి బొమ్మ మీద ఫీల్డ్ పేపరు: కళా మానవశాస్త్రం కోర్సుకి ఎలా రాయాలి?

సత్యనారాయణపురం_ఎంఏ

అందరికీ నమస్కారం. ఎంఏలో కళా మానవశాస్త్రం పేపరు ఉంది. అసైన్‌మెంట్ ఏమిటంటే, చేత్తో చేసిన ఒక వస్తువు తీసుకుని దాని మీద 2,500 పదాలు రాయాలి. కనీసం రెండు రోజులు ఫీల్డ్‌లో గడపాలి. క్లాసులో చెప్పిన సిద్ధాంతాల్లో ఒకదాన్ని వాడాలి. ఫొటోలు కాక, చేత్తో గీసిన పటాలు రెండైనా ఉండాలి. గడువు మూడు వారాలు.

విజయవాడలోనే ఉంటున్నాను కాబట్టి కొండపల్లి బొమ్మలు అనుకున్నాను. "కొండపల్లి బొమ్మ కళా, హస్తకళా?" అన్నది ప్రశ్నగా పెట్టుకుంటే సరిపోతుందా? క్లాసులో చెప్పిన మానవశాస్త్రవేత్తలు ఆల్ఫ్రెడ్ జెల్, ఇగోర్ కొపిటాఫ్ ఇద్దరిలో ఎవరి సిద్ధాంతం దీనికి బాగా కుదురుతుంది? రెండు రోజుల్లో ఏం చూడాలి, ఏం కొలవాలి? ఇదంతా కాదని అమరావతి బౌద్ధస్తూపం శిల్పం ఒకటి తీసుకుంటే పని తేలికవుతుందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

బ్రాడీపేట_4/7

ముందు ఆ ప్రశ్న మార్చుకోండి. కళా, హస్తకళా అన్నది మ్యూజియాల వాళ్ళకీ గ్యాలరీల వాళ్ళకీ ఉన్న తగాదా. 1988లో న్యూయార్క్‌లో సూసన్ వోగెల్ అనే క్యూరేటర్ పెట్టిన ప్రదర్శనలో మధ్య ఆఫ్రికాలోని అజాండే వాళ్ళ వేట వలని చుట్టకట్టింది చుట్టకట్టినట్టే తెచ్చి, ఆధునిక కళాఖండాన్ని పెట్టినట్టు తెల్లగోడల గదిలో పెట్టారు. వల మారలేదు, గది మారింది. మీ క్లాసులో ఇది వచ్చే ఉంటుంది, జెల్ 1996లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. కొండపల్లికి వెళ్ళి "ఇది కళేనా అండీ" అని అడిగితే "కళే అమ్మా, మా తాతల నాటిది" అంటారు. అక్కడితో మీ ఇంటర్వ్యూ అయిపోతుంది.

ఇంకో సంగతి. "కొండపల్లి బొమ్మలు" అన్నది వస్తువు కాదు, ఒక పరిశ్రమ. దాని మీద రాయబోతే వ్యాసం పర్యాటక శాఖ కరపత్రంలా తయారవుతుంది: తెల్ల పొణికి అనే మెత్తటి కర్ర, ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు, జీఐ (భౌగోళిక) గుర్తింపు, దశావతారాలు, ఇక కళాకారుల కష్టాలు. ఇవన్నీ నిజాలే, కానీ వాటికి మార్కులు పడవు. ఒక్క బొమ్మ తీసుకోండి. అంబారీ ఏనుగు కావచ్చు, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు కావచ్చు, ఎడ్లబండి కావచ్చు. నన్నడిగితే తాడిచెట్టు బొమ్మ తీసుకోమంటాను. దేవుడి బొమ్మయితే దాని చుట్టూ చెప్పే మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి, గీతకార్మికుడి గురించి ఎవరూ అప్పచెప్పినట్టు చెప్పరు. చేసేవాళ్ళూ కొనేవాళ్ళూ కాసేపు ఆలోచించి చెబుతారు, మీకు కావలసిందీ అదే.

ప్రశ్న ఇలా పెట్టుకోవచ్చు: "కర్రముక్క ఏ దశలో 'బొమ్మ' అవుతుంది, ఎవరి దృష్టిలో?" చెక్కేవాళ్ళకి ఒక దశలో, రంగులు వేసేవాళ్ళకి ఇంకో దశలో, కొలువులో పెట్టుకునే ఇల్లాలికి మరో దశలో కావచ్చు. ఈ తేడా పట్టుకుంటే చాలు, 2,500 పదాలు చాలవు మీకు.

ఆర్యక్షత్రియులు రాజస్థాన్ నుంచి వచ్చారని, ముక్తర్షి అనే ఋషి సంతతి అని అక్కడ చెబుతారు. దాన్ని చరిత్రగా రాయకండి, తప్పని ఖండించనూ వద్దు. "వీళ్ళు తమ పనితనాన్ని ఎక్కడికి ముడివేసి చెప్పుకుంటున్నారు" అనేదానికి అది సాక్ష్యం. ఎవరు చెప్పారు, ఏ సందర్భంలో చెప్పారు, మీరు అడిగితే చెప్పారా, అడక్కుండా చెప్పారా అన్నది కూడా నోట్ చేసుకోండి.

గొల్లపూడి_పనిముట్లు

ఫీల్డ్‌పని గురించి నేను చెబుతాను. కొండపల్లికి ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులు ఉంటాయి, కాజీపేట లైన్లో రైల్వేస్టేషనూ ఉంది. అడగాల్సింది బొమ్మల కాలనీ. ముందురోజు వెళ్ళి మాట్లాడుకుని రండి. కెమెరా మెడలో వేసుకుని నేరుగా వెళితే మిమ్మల్ని కొనడానికి వచ్చినవాళ్ళ కిందే లెక్కేసి బొమ్మలు చూపిస్తారు తప్ప పని చూపించరు.

మొదటి రోజు ఇంటర్వ్యూ పెట్టుకోవద్దు. ఒకే ఇంట్లో కూర్చుని పనిని వరసగా రాయండి. ఫ్రెంచి మానవశాస్త్రంలో దీన్ని షెన్ ఒపెరటవార్ (chaîne opératoire) అంటారు, తెలుగులో పని గొలుసు పద్ధతి అనవచ్చు: ముడిసరుకు నుంచి తయారైన వస్తువు దాకా జరిగే ప్రతి చర్యా, దాని వరస, దాని పనిముట్టు, చేసే మనిషి. నోట్‌బుక్కు పేజీలకి ముందే నంబర్లు వేసుకుని, ప్రతి పేజీలో ఐదు గళ్ళు గీయండి. మొదలైన టైము, అయిపోయిన టైము, ఎవరు చేశారు, ఏ పనిముట్టు, ఇక ఐదోది "ఆ సమయంలో పక్కన ఆరుతున్నవి ఏవి". ఈ ఐదో గడి ఎక్కువమంది వదిలేస్తారు. బొమ్మ తయారీలో ఎక్కువ సమయం పట్టేది చెక్కడానికి కాదు, ఆరడానికి. కర్ర ఆరాలి, ముక్కలు అతికే మక్కు ఆరాలి, సున్నపు పూత ఆరాలి, రంగు ఆరాలి. ఆరే గంటలు రాయకపోతే పూట పనిలా కనబడుతుంది, రాస్తే రోజుల పని అని తేలుతుంది.

స్థూలంగా వరస ఇది. తెల్ల పొణికి కర్ర కోసి, సన్నసెగ మీద తేమ తీస్తారు. మొండెం, కాళ్ళు, చేతులు విడివిడిగా చెక్కుతారు. వాటిని మక్కుతో అతుకుతారు. మక్కు అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. అతుకులు ఆరాక నునుపు చేసి తెల్ల సున్నం పూసి, ఆ మీద రంగులు వేస్తారు. ఈ నాలుగు వాక్యాలు ఇంటర్నెట్లో ఎక్కడైనా దొరుకుతాయి. మీరు వెళ్ళి తేవాల్సింది వీటి మధ్యలో ఉన్నది.

ఉదాహరణకి మక్కు. "ఎంత పిండికి ఎంత పొట్టు?" అని అడిగితే "అందాజుగా వేస్తాం" అంటారు. అందాజుని కొలవొచ్చు. వంటింటి డిజిటల్ కాటా ఒకటి తీసుకెళ్ళండి. ఆయన పిడికిట్లో పట్టిన పిండిని మూడుసార్లు తూచి సగటు తీయండి, పొట్టుకీ అంతే. అప్పుడు "రెండు పిడికిళ్ళకి ఒకటి" లాంటి మాట గ్రాముల్లోకి వస్తుంది. పేపర్లో పిడికిలి లెక్క, గ్రాముల లెక్క రెండూ ఇవ్వండి. ఆయన మనసులో ఉన్న కొలత పిడికిలే.

మక్కులో ఏం తప్పు జరుగుతుందో తప్పకుండా అడగండి. చింతగింజ పప్పులో జైలోగ్లూకాన్ అనే జిగట పదార్థం ఉంటుంది, అది వేడినీళ్ళలో ఉబ్బి జిగురవుతుంది. గింజ మీది ఎర్రటి పొట్టు సరిగా పోకపోతే ముద్ద రంగు తేలుతుంది. నీళ్ళు ఎక్కువైతే ఆరేటప్పుడు ముద్ద కుంచించుకుపోయి, అతుకు దగ్గర సన్నగీత పడుతుంది. రంపపు పొట్టు ఎక్కువైతే పట్టు ఉండదు, చెయ్యి ఊడుతుంది. చేసిన ముద్ద నిలవ ఉంటే పులుస్తుంది, బూజు పడుతుంది. కర్రలో తేమ మిగిలినా చేటే: పైన రంగు వేశాక లోపల కర్ర ఆరుతూ ముడుచుకుంటుంది, సున్నపు పొర దానితో ముడుచుకోలేక పగులుతుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. వానాకాలంలో పని ఎలా మారుతుందో అడిగితే ఇవన్నీ వాళ్ళ నోటే వస్తాయి. వీలైతే ఒక కర్రముక్కను సెగకి ముందు, తర్వాత తూచండి. తగ్గిన బరువంతా నీరే.

ఇంకో చిక్కు. ఒక బొమ్మని మొదటి నుంచి చివరిదాకా వెంబడిద్దామంటే చాలాచోట్ల కుదరదు. కాళ్ళన్నీ ఒకసారి, చేతులన్నీ ఒకసారి చెక్కుకుంటారు. కాబట్టి బొమ్మని కాదు, వాయిని (ఒకేసారి చేసే ముక్కలన్నిటినీ) పట్టుకోండి. వేర్వేరు దశల్లో ఉన్న వేర్వేరు ముక్కల్ని చూసి గొలుసు కట్టినట్టయితే ఆ మాట పేపర్లో దాచకుండా రాయండి. రెండు రోజుల ఫీల్డ్‌వర్క్‌లో అది తప్పేం కాదు.

రెండో రోజు ఇంటర్వ్యూ. "దీని అర్థం ఏమిటి" అని అడగొద్దు. ఒకే రకం బొమ్మలు ఐదు వరసగా పెట్టమని, మంచిది ముందు, నాసిది చివర ఉండేలా సర్దమనండి. ఒకటి ఎందుకు వెనక్కి పోయిందో చెప్పమనండి. చెక్కేవాళ్ళ చేత ఒకసారి, రంగులేసేవాళ్ళ చేత ఒకసారి, ఇద్దరినీ ఒకరి మాట ఒకరు వినకుండా చేయించండి. రెండు వరసలు కలిశాయా లేదా అన్నదే మీ పేపరుకి ప్రాణం. వాళ్ళు వాడే విశేషణాలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. ముఖం "తేటగా లేదు" అన్నారనుకోండి, దాన్ని "సౌందర్యపరంగా లోపభూయిష్టం" అని మార్చి రాస్తే అసలుదే పోయింది.

కళ్ళు ఏ దశలో దిద్దుతారు, ఆ పని ఇంట్లో ఎవరిది, అది మాత్రం స్వయంగా చూడండి. విని రాయకండి.

మొగల్రాజపురం_కొలువు

సిద్ధాంతం సంగతి ఇంకా ఎవరూ తీయలేదు కాబట్టి నేను చెబుతాను. జెల్‌ని తీసుకున్నవాళ్ళు ఎక్కువగా పడే గుంత ఒకటే: "బొమ్మకి కర్తృత్వం (ఇంకొకరి మీద పనిచేసే శక్తి) ఉంది, అంటే బొమ్మకి ప్రాణం ఉన్నట్టు" అని రాసేయడం. ఆయన అన్నది అది కాదు. సంకల్పం ఉన్నవాళ్ళు మనుషులు, వాళ్ళది ప్రధాన కర్తృత్వం. వస్తువుది రెండో తరగతి కర్తృత్వం: మనుషుల సంకల్పం దానిద్వారా ఇంకొకరి మీద పనిచేస్తుంది. ఇది వివరించడానికి ఆయన ఆడపిల్ల, ఆమె బొమ్మ ఉదాహరణే తీసుకున్నాడు. మీ అంశానికి సరిగ్గా సరిపోతుంది.

ఆయన నాలుగు పాత్రలు చెబుతాడు: వస్తువు, చేసినవాడు, అందుకున్నవాడు, వస్తువు దేన్ని చూపుతోందో ఆ మూలరూపం. తాడిచెట్టు బొమ్మలో మూలరూపం గీతకార్మికుడు. ఇక్కడ ఒక మంచి ప్రశ్న పుడుతుంది. గీతకార్మికుడు ఎప్పుడైనా ఈ బొమ్మ కొంటాడా? ఎవరిని చూసి బొమ్మ చేశారో వాళ్ళొకరు, ఎవరి ఇంట్లో అది ఉంటుందో వాళ్ళొకరు. దాన్ని సూటిగా రాయొచ్చు.

1992 వ్యాసంలో ఆయన చెప్పిన "సాంకేతికతలోని మాయ" అనే వాదం కూడా ఉంది. ఇది ఎలా చేశారో ఊహకి అందకపోవడమే చూసేవాణ్ణి కట్టిపడేస్తుందని సారాంశం. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల పడవల ముందుండే చెక్కిన పలకలు ఆయన ఉదాహరణ. పైన గొల్లపూడి గారు చెప్పిన మక్కు, సున్నం వివరాలు దీని పక్కన పెట్టి చూడండి. పూత అయ్యాక అతుకులు కనబడవు. ఏడెనిమిది ముక్కల బొమ్మ ఒకే కర్రలోంచి తీసినట్టు ఉంటుంది. పనితనంలో సగం దాన్ని దాచడానికే పోతోంది. లేపాక్షి షోరూమ్‌లో అద్దాల వెనక చూసే మనిషికి ఆ మాయ పనిచేస్తుంది.

అయినా నేను మీకు జెల్‌ని సిఫారసు చెయ్యను, కొపిటాఫ్‌నే తీసుకోమంటాను. కారణం కొలువు. సంక్రాంతికో దసరాకో మెట్లు కట్టి బొమ్మలు పెట్టే ఇంట్లో, అతుకు ఎక్కడుందా అని ఎవరూ చూడరు. ఏ బొమ్మ ఎవరు తెచ్చారు, ఏ మెట్టు మీద ఉండాలి అన్నదే అక్కడి మాట. కొపిటాఫ్ 1986లో రాసిన వ్యాసం వస్తువు జీవితచరిత్ర అడగమంటుంది: ఎక్కడ పుట్టింది, ఎప్పుడు సరుకుగా ఉంది, ఎప్పుడు సరుకు కాకుండా పోయింది, ముసలిదైతే ఏమవుతుంది. కొట్లో ఉన్నంతసేపు బొమ్మ సరుకు, దానికి ధర ఉంది. ఇంటికొచ్చి కొలువెక్కాక దాన్ని అమ్మడం గురించి ఎవరూ ఆలోచించరు. అత్తగారి నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి పోతుంది. ధర చీటీ ఎప్పుడు చింపారో ఆ క్షణాన్ని పట్టుకోండి.

దీనికి ఫీల్డు కొండపల్లిలో ఒక రోజు, విజయవాడలో కొలువు పెట్టే ఒక ఇంట్లో ఒక రోజు. పండగ రోజులు కాకపోయినా పర్వాలేదు, ఇంకా మంచిది, తీరిగ్గా మాట్లాడతారు. పెట్టెలోంచి బొమ్మలు తీయించి, కొన్న వరసలో పెట్టమనండి. తర్వాత కొలువులో పెట్టే వరసలో పెట్టమనండి. ఈ రెండు వరసలూ రెండు పటాలుగా గీస్తే మీ అసైన్‌మెంటు అడిగిన రెండు పటాలూ వచ్చేశాయి. కొన్న వరస పటం మీద వంశవృక్షం గుర్తులు వేయండి: మగవాళ్ళకి త్రిభుజం, ఆడవాళ్ళకి వృత్తం, పెళ్ళికి రెండు అడ్డగీతలు. ఏ బొమ్మ ఎవరి ద్వారా వచ్చిందో గీత కలపండి. పుట్టింటి బొమ్మలెన్ని, మెట్టినింటివెన్ని అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

పెట్టెలో ఎలా దాస్తారో కూడా చూడండి. పాత చీరముక్కలో చుడతారా, కాగితంలోనా, కలరా ఉండలు వేస్తారా, వేపాకు వేస్తారా? చెయ్యి విరిగిన బొమ్మని ఏం చేస్తారో తప్పక అడగండి. పారేస్తారా, వెనక వరసలో పెడతారా, అతికిస్తారా, నీళ్ళలో వదులుతారా? దేవుడి బొమ్మకీ గీతకార్మికుడి బొమ్మకీ జవాబు ఒకటేనా? ఒకటే కాకపోతే మీ వ్యాసానికి ముగింపు భాగం అక్కడే దొరికింది.

గొల్లపూడి_పనిముట్లు

కొలువు మాటతో ఏకీభవిస్తాను కానీ జెల్‌ని పూర్తిగా కొట్టేయనక్కర్లేదు. విరిగిన చెయ్యి ఉదాహరణే తీసుకోండి. అన్నేళ్ళు కనబడకుండా ఉన్న అతుకు విరిగిన రోజున బయటపడుతుంది, అప్పుడే ఇంట్లోవాళ్ళకి ఇది ముక్కలతో చేసిందని తెలుస్తుంది. అయితే 2,500 పదాల్లో ఇద్దరినీ ఇరికిస్తే ఇద్దరికీ న్యాయం జరగదు. వర్క్‌షాప్ ప్రధానమైతే జెల్, ఇల్లు ప్రధానమైతే కొపిటాఫ్. ముందు ఫీల్డుకి వెళ్ళి, నోట్సు ఎటు బరువుగా ఉంటే అటు వెళ్ళండి.

సత్యనారాయణపురం_ఎంఏ

చాలా ఉపయోగపడ్డాయి, అందరికీ ధన్యవాదాలు. తాడిచెట్టు బొమ్మే తీసుకుంటాను. రెండు సందేహాలు మిగిలాయి. కళాకారుల పేర్లు మార్చి రాస్తే సరిపోతుందా, డబ్బేమైనా ఇవ్వాలా? అమరావతి గురించి అడిగింది వదిలేశాను కానీ, మా క్లాస్‌మేట్ ఒకరు దానిమీదే రాద్దామనుకుంటున్నారు. తనకేమైనా చెప్పగలరా?

బ్రాడీపేట_4/7

అమరావతి ముందు చెబుతాను. తేలికా అంటే కాదు. చేసినవాళ్ళని అడగలేం, పని చూడలేం. కానీ వస్తువు జీవితచరిత్రకి మన గుంటూరు ప్రాంతంలో అంతకు మించినది లేదు. ఆ స్తూపం పలకలు పలనాటి సున్నపురాయివి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో ఒకసారి వచ్చి, 1816లో మళ్ళీ వచ్చి చిత్రాలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపిన పలకలు 1859లో లండన్ చేరి, 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చాలా పలకలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని అమరావతి మ్యూజియంలోనే ఉన్నాయి. ఇంకొన్నిటిని స్థానికంగా సున్నం కోసం కాల్చేశారు. ఒకే రాయి ఒకచోట పూజనీయం, ఒకచోట సున్నపు బట్టీ సరుకు, ఒకచోట మ్యూజియం వస్తువు.

మీ మిత్రులకి నా సలహా: బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న రెండువైపులా చెక్కిన పలక తీసుకోమనండి. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు బోధివృక్ష పూజ, రెండోవైపు క్రీస్తుశకం 3వ శతాబ్దంలో చెక్కిన స్తూపం. పాత శిల్పాన్ని తిప్పి వెనకవైపు కొత్తది చెక్కారు. మ్యూజియంకన్నా ముందే అది ఒక జీవితం ముగించి రెండోది మొదలుపెట్టింది. దాన్ని ఫొటోల్లోనే చూడాలి, కాబట్టి ఫీల్డు రెండు రోజులూ అమరావతి మ్యూజియంలో పెట్టుకుని, అక్కడి పలకల ముందు సందర్శకులు ఎంతసేపు నిలబడుతున్నారు, ఎవరు దణ్ణం పెడుతున్నారు, ఎవరు సెల్ఫీ తీసుకుంటున్నారు అన్నది గంటలవారీగా లెక్కపెట్టమనండి. ఫొటోలకీ నోట్సుకీ అనుమతి ముందే అడగాలి.

ఇక పేర్లు. బొమ్మల కాలనీ చిన్నది. పేరు మార్చి "అవార్డు అందుకున్న, ఫలానా బొమ్మలకి ప్రసిద్ధుడైన పెద్దాయన" అని రాస్తే అక్కడ పిల్లాడు కూడా ఎవరో చెప్పేస్తాడు. మార్చేది పేరొక్కటే కాదు, గుర్తుపట్టించే వివరం కూడా. కొంతమంది తమ పేరు ఉండాలనే కోరుకుంటారు, అది వాళ్ళ హక్కు. అందుకని ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగండి: పేరు వేయొచ్చా, ఫొటో వేయొచ్చా, గొంతు రికార్డు చేయొచ్చా. మూడూ వేర్వేరు అనుమతులు. తెలుగులో అడిగి, ఆ జవాబునే రికార్డు మొదట్లో ఉంచండి. ధరల గురించి, దళారుల గురించి ఎవరైనా నోరు జారి చెబితే, పేరుకి ఒప్పుకున్నవాళ్ళదైనా సరే ఆ మాటకి పేరు పెట్టకండి.

మాటలకి డబ్బివ్వడం గురించి మీ సార్‌ని అడగండి, ఒక్కో విభాగానిది ఒక్కో పద్ధతి. కానీ బొమ్మకింత అని కూలి వచ్చే మనిషి దగ్గర పూటంతా కూర్చుంటే ఆయన పని మందగిస్తుంది, అది గుర్తుంచుకోండి. మీరు రాసే బొమ్మని చెప్పిన ధరకి, బేరమాడకుండా అక్కడే కొనండి. ఎలాగూ పటం గీయడానికి, కొలవడానికి ఇంట్లో అది కావాలి. ఫొటోలు ప్రింటు తీయించి వెళ్ళి ఇవ్వండి, వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు. ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నోట్సులో మీరు తప్పు రాసుకున్నవి వాళ్ళే దిద్దుతారు.

గడువు మూడు వారాలంటున్నారు కదా. గంట రికార్డింగు ఎత్తిరాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, అలవాటు లేకపోతే ఇంకా ఎక్కువ. మొత్తం రికార్డింగు రెండు గంటలు దాటనివ్వకండి. మొదటి వారం పరిచయం, ఫీల్డు. రెండో వారం ఎత్తిరాత, పటాలు. మూడో వారం రాత. పదాల్లో బొమ్మ వర్ణనకే 500 ఇవ్వండి, సిద్ధాంతం విడిగా చెప్పే భాగం 300 దాటొద్దు, మిగతాదంతా మీరు చూసిందీ విన్నదీ. వర్ణన రాసేటప్పుడు బొమ్మని ఎదురుగా పెట్టుకుని, ముందు పెన్సిల్‌తో గీసి, ఆ తర్వాతే రాయండి. గీస్తుంటే తాడిచెట్టు మానుకీ మనిషి కాళ్ళకీ మధ్య అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే తెలుస్తుంది. పటం మీద ఆ చోట చుక్కల గీత వేసి, పక్కన స్కేలు, గీసిన తేదీ, ఎవరి చేతి పనో వాళ్ళు ఒప్పుకున్న పేరుతో రాయండి.